కథ మధ్యలో లేవకూడదు

మా సంస్థలో కొత్తగా ఇద్దరు ఉపన్యాసకులు చేరారట. వాళ్ళ కోసం నా వృత్తి అనుభవాలు రెండు పేజీలు రాసివ్వమని కార్యదర్శి గారు ఫోన్ చేశారు. "వినయం, సేవాభావం, సమయపాలన, ఈ మూడూ తప్పకుండా రావాలండీ. పైన మీ ఫోటో కూడా వేయిస్తాం" అన్నారు. సమయపాలనట! ముప్పై ఒక్క ఏళ్ళు ముఖ్య అతిథుల కోసం, కరెంటు కోసం, మైకువాడి కోసం, ఆఖరికి ఈ కార్యదర్శి గారి కోసం కూడా వేదిక మీద కాళ్ళు ముడుచుకుని ఎదురుచూసినవాణ్ణి నేను. ఆ సంగతి ఆయనకు గుర్తుందో లేదో మరి.

అందుకని ఆయన అడిగినవి నేను రాయడం లేదు. ఇష్టం లేకపోతే ఆయన దీన్ని అచ్చు వేయకపోవచ్చు. ఆ కొత్తవాళ్ళిద్దరూ ఎలాగోలా చదివితే నాకు చాలు.

నేను బళ్ళారిలో ఒక ధార్మిక సంస్థకు జీతం మీద పనిచేసిన ఉపన్యాసకుణ్ణి. పురాణ కథలు, వేదాంతం, పండుగల వెనక ఉన్న ఆచారాలు ఊరూరా తిరిగి చెప్పడం నా పని. సంస్థవాళ్ళు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయాను, ఎన్ని రోజులు చెప్పమంటే అన్ని రోజులు చెప్పాను. చాలామంది నన్ను పూజారి అనుకున్నారు. కొందరు జ్యోతిష్కుడు అనుకుని చెయ్యి చాపారు. ఒక ఊళ్ళో నాటకాలవాడు అనుకుని, వేషం ఎప్పుడు కడతావని అడిగారు. మొదట్లో వీటికి నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత ఒళ్ళు మండేది.

ఎవరికి చెబుతున్నాం

చేరిన కొత్తలో కురుగోడులో నా మొదటి ఉపన్యాసం. జీవుడు, బ్రహ్మం, మాయ అంటూ వారం రోజులు కూర్చుని రాసుకున్నాను. ఒక్కొక్క సమాసం అరగజం పొడుగు. గొంతు సవరించుకుని గంటన్నర దంచేశాను. అయిపోయాక ముందు వరసలోని ఒక ముసలాయన మెల్లగా వేదిక దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"సామీ, నీ గొంతు శానా బాగుండాది. రేపు తెలుగులో చెప్తావా?"

ఆ రాత్రి అన్నం సహించలేదు. అయినా మర్నాటి నుంచి దారికొచ్చాను. వాళ్ళు మాట్లాడే మాటలోనే కథ చెప్పడం నేర్చుకున్నాను. హమ్మయ్య, పని తెలిసింది అనుకున్నానో లేదో, సంస్థవాళ్ళు నన్ను కాలువ కింద ఒక క్యాంపుకు పంపారు. కోస్తా నుంచి వచ్చి వరి పొలాలు చేసుకుంటూ స్థిరపడిన రైతుల ఊళ్ళను మా వైపు క్యాంపులంటారు. అక్కడ ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, ఎంతో మర్యాదగా, "శాస్త్రి గారూ, తమరు బాగా చదువుకున్నారని చెప్పారండీ. మరి ఈ ఉండాది, వస్తాండాది ఏంటండీ? మా పిల్లలు వింటున్నారు కదండీ" అన్నాడు. సరేనని మళ్ళీ నా సమాసాలు బయటికి తీశాను. ఇంతలో వెనక వరసలోంచి ఎవరో, "స్వామీ, స్వల్ప కన్నడదల్లి హేళ్రీ" అని కేకేశారు, కొంచెం కన్నడంలో కూడా చెప్పమని. ఒకే పందిట్లో మూడు రకాల చెవులు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ మూడింటినీ ఒకేసారి సంతోషపెట్టిన రోజు ఒక్కటి కూడా లేదు.

ఇక ప్రశ్నల సంగతి. ఈ లోకం ఎంతవరకు నిజం, ఎంతవరకు భ్రమ అని గంటసేపు చెప్పి, చెమట తుడుచుకుని, సందేహాలుంటే అడగండి అంటాను. ఒకాయన లేస్తాడు.

"మా బర్రె మూడు దినాలాయ, మేత ముట్టల్యా. ఏ దేవునికి మొక్కుకోవల్ల సామీ?"

"పశువుల డాక్టరుకు చూపించప్పా" అంటే ఆయనకు కోపం వచ్చింది. ఇంత చదివినవాడివి ఆ మాత్రం చెప్పలేవా అని ముఖం మీదే అన్నాడు. గడియారం ఏ గోడకు తగిలించాలి, సోమవారం గుడ్డు తినొచ్చా, బోరు ఏ మూల వేస్తే నీళ్ళు పడతాయి, ఇవీ నాకు వచ్చిన వేదాంత సందేహాలు. ఈ మధ్య ఫోన్లు వచ్చాక ఇంకో తలనొప్పి. నేను కథ చెబుతుంటే, ముందు వరసలో కూర్చున్నవాడు ఫోను చూసుకుంటూ, "దీంట్లో అట్ల లేదు సామీ" అంటాడు. సంగనకల్లులో అయితే, రాతియుగం నాటి మనుషులు బతికిన ఆ గుట్టలు చూపించి, "అన్నదమ్ములు ఐదుగురూ అజ్ఞాతవాసంలో ఈడనే దాక్కుండ్రి. నువ్వు మైకులో చెప్పేయి, మేం చెప్తే ఎవరూ నమ్మేది లేదు" అని పట్టుబట్టారు. నాకు తెలిసి ఆ ఐదుగురూ మా జిల్లాలోనే పదిహేను గుట్టల్లో దాక్కున్నారు. చెప్పనన్నందుకు ఆ రోజు నాకు కాఫీ కూడా ఇవ్వలేదు.

ఇదంతా మీకూ జరుగుతుంది. విసుక్కోండి, తప్పు లేదు. నేను విసుక్కున్నాను, ఇప్పటికీ విసుక్కుంటున్నాను. కానీ నా ఉద్యోగంలో జరిగిన అసలు తప్పు వాళ్ళది కాదు, నాది. ఆ సంగతి చెప్పడానికే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

ఇద్దరు పెద్దలు

నాకు పని నేర్పినవారు నరసింహయ్య గారు. సంస్థలో నాకంటే ముందునుంచీ ఉన్న ఉపన్యాసకులు. గొప్ప పండితుడు, గొప్ప చాదస్తుడు. కథ ఎత్తుకోవడం, దించడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఏ రోజు కథనూ దుఃఖంలో ఆపకూడదు, వినేవాళ్ళు ఆ దుఃఖాన్ని ఇంటికి మోసుకుపోతారు అనేవారు. కడుపుతో ఉన్నవాళ్ళు కూర్చున్నప్పుడు అడవికి పంపేసిన ఇల్లాలి కథ ఎత్తొద్దు అనేవారు. ఇవి మంచి నియమాలు. వాటిలో మనిషి మీద దయ ఉంది.

ఆయన నేర్పిన ఇంకో నియమం, కథ మధ్యలో ఎవరినీ లేవనివ్వకూడదని. మంగళహారతి కాకముందు లేస్తే విన్న పుణ్యం పోగా పాపం చుట్టుకుంటుందని ఆయన ప్రతి ఊళ్ళోనూ మొదటి రోజే చెప్పేవారు. ఇది ఏ శాస్త్రంలో ఉందండీ అని ఒకసారి అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు వేదిక మీద ఉండగా నీ ఎదురుగా పదిమంది లేచి వెళ్ళిపోతే అప్పుడు తెలుస్తుందిరా" అన్నారు. అంటే శాస్త్రం లేదు. చెప్పేవాడి భయం ఉంది. నాకు అప్పుడే అర్థమైంది, అయినా ఆ నియమాన్ని వదులుకోలేదు.

రెండో పెద్ద మా అప్పటి కార్యదర్శి గారు. ఆయనకు కథతో పని లేదు, ఫోటోతో పని. కార్యక్రమం మొదట్లో ఒక ఫోటో, హారతి వేళకు ఒక ఫోటో తీయించి పంపాలి. రెండో ఫోటోలో జనం పల్చబడితే మర్నాడు ఫోను. "ఏమయ్యా, నీ కథ వినలేక పారిపోయారా?" అని నవ్వుతూనే అడిగేవారు. ఆ నవ్వుకి నేను హడలిపోయేవాణ్ణి. దాంతో నరసింహయ్య గారి నియమం నాకు ఆయుధమైంది. ఎవరైనా లేవబోతే మైకులో అడ్డుకునేవాణ్ణి. మొదట బతిమాలేవాణ్ణి, తర్వాత బెదిరించేవాణ్ణి, ఆ తర్వాత వెక్కిరించడం నేర్చుకున్నాను. వెక్కిరిస్తే మిగతావాళ్ళు నవ్వుతారు, లేచినవాళ్ళు సిగ్గుపడి కూర్చుంటారు. ఇంత సులువైన ఉపాయం ఇన్నాళ్ళూ తట్టలేదేమిటా అనుకున్నాను కూడా.

వానకథ

మా వైపు వానలు ఆలస్యమైతే ఊళ్ళవాళ్ళు అజ్ఞాతవాసం కథ చెప్పిస్తారు. ఆ ఐదుగురన్నదమ్ములు మారువేషాలతో ఒక రాజు కొలువులో ఏడాది దాగి ఉన్న ఘట్టం. వాళ్ళు దాగిన దేశంలో వానలు వేళకు పడతాయి, పాడీ పంటా కళకళలాడతాయి అని కథలోనే ఒక పెద్దాయన అంటాడు. ఆ ఒక్క మాట పట్టుకుని, ఈ కథ చెప్పిన చోట వాన పడుతుందని నమ్మకం. పల్లెల్లో దానికి వానకథ అనే పేరు.

శ్రావణం వస్తే నాకు తీరిక ఉండేది కాదు. మెట్ట ఊళ్ళన్నీ నా కోసమే. శ్రావణంలో ఎప్పుడో ఒకప్పుడు వాన పడకుండా ఉంటుందా? పడేది. పడితే ఊరంతా కలిసి నాకు శాలువా కప్పేవాళ్ళు, మెడలో దండ వేసి ట్రాక్టర్ మీద తిప్పేవాళ్ళు. పడకపోతే నా ఉచ్చారణలో దోషం ఉందనో, ఊళ్ళో ఎవరికో మైల ఉందనో సర్దుకునేవాళ్ళు. ఇంటికొచ్చి మా ఆవిడతో, "పిచ్చి జనం, వాన నా నోట్లోంచి వస్తుందా?" అని నవ్వేవాణ్ణి. ఆమె శాలువాలు మడతపెడుతూ, "మరి ఆ మాట అక్కడే చెప్పి రావచ్చు కదా" అనేది. ఆ మాట నేను ఎన్నడూ చెప్పి రాలేదు. బీరువాలో ఒక అర నిండా శాలువాలే ఉండేవి.

ఆ సాయంత్రం

హచ్చొళ్ళికి కాస్త దూరంలో, కాలువ చివర ఒక ఊరు. మాఘమాసం. తొమ్మిది రోజుల కథ ఒప్పుకుని వెళ్ళాను. ఆ ఊరి గుడి కమిటీకి పెద్ద గాదిలింగప్ప. మూడో రోజు మధ్యాహ్నం, నేను భోంచేసి నడుం వాల్చగానే వచ్చి గడపలో కూర్చున్నాడు.

"సామీ, ఒక మాట. రేపు వానకథ వస్తాది కదా. దాన్ని దాటేసి ముందుకు పో. కల్లాల్లో మిరపకాయ ఉండాది."

నిజమే. ఊరి చుట్టూ ఎటు చూసినా ఎర్రగా మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. ఘాటుకు ఊళ్ళో అడుగుపెట్టినప్పటి నుంచీ తుమ్ములే.

"దాటేసేదేందప్పా? వాన మేఘాల వల్ల వస్తాది, నా నోటి వల్ల కాదు. చదువుకున్నోడివి, నువ్వు కూడా ఇట్ల మాట్లాడితే ఎట్ల?" అన్నాను.

గాదిలింగప్ప తల గోక్కున్నాడు. "మరి పోయిన శ్రావణంలో పక్కూర్లో వాన పడితే శాలువా మేఘాలకు కప్పిండ్రా, నీకు కప్పిండ్రా?"

శాలువా మాట ఎత్తేసరికి కోపం వచ్చింది. మూఢనమ్మకాలంటూ వాడికి అక్కడికక్కడే ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఏ ముక్కా దాటేయనని తేల్చి చెప్పాను. "నీ ఇష్టం సామీ, సుమ్నే అడిగినా, ఊరికే" అని లేచిపోయాడు.

హులిగెమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. నాకు ఆ ఊళ్ళో భోజనం పెట్టే ఇంటికి ఎదురిల్లు ఆమెది. నలభై ఏళ్ళుంటాయి. మొగుడు లేడు. చిన్నప్పటి నుంచీ కూలికి పోయిన మనిషి. ఆ ఏడే మొదటిసారి, క్యాంపు రైతు దగ్గర రెండెకరాలు గుత్తకు తీసుకుని మిరప వేసింది. మొదటి రోజే దోసెడు కాయలు తెచ్చి నాకు చూపించింది.

"నా చేన్లో కాయ సామీ. ఇంగొకరి చేన్లో కాదు, నాది" అంది.

ఈ పంట గట్టెక్కితే గుత్త నిలుస్తుంది, వచ్చే ఏడూ ఆ రెండెకరాలు ఆమెవే. గట్టెక్కకపోతే మళ్ళీ కూలి. ఆ సంగతి ఆమే చెప్పింది, నవ్వుతూనే. రోజూ సాయంత్రం కల్లంలో కాయలు కుప్ప చేసి, గాలాడాలని కప్పకుండా, పట్ట మడిచి పక్కనే రాయి కింద పెట్టి, స్నానం చేసి, పూలు పెట్టుకుని కథకు వచ్చేది. ఎప్పుడూ రెండో వరసలోనే కూర్చునేది. ఎక్కడ ఏడవాలో అక్కడ ఏడ్చేది, ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వేది. అలాంటి శ్రోత ఒక్కరుంటే మాకు ఉత్సాహం వస్తుంది.

నాలుగో రోజు. రాజుగారి బావమరిది, దాసీ వేషంలో ఉన్న ఆ ఐదుగురి రాణి వెంటపడే ఘట్టం. జనం కిక్కిరిసి ఉన్నారు. వంటవాడి వేషంలో ఉన్న రెండో అన్న చీకటి గదిలో ముసుగుతన్ని పడుకున్నాడు, బావమరిది సెంటు పూసుకుని వస్తున్నాడు. నా జీవితంలో ఆ ఘట్టం అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడే పడమటి నుంచి గాలి లేచింది. షామియానా ఒకసారి ఎగిరి పడింది. ట్యూబులైట్లు ఊగాయి. హులిగెమ్మ తల పైకెత్తి గాలి వాసన చూసింది. కొంగు నడుముకు దోపుకుని లేచి నిలబడింది. ఆమెను చూసి ఇంకో నలుగురైదుగురు సగం లేచారు.

నాకు రెండో ఫోటో గుర్తొచ్చింది.

"అమ్మా! రెండో వరసలో లేచినమ్మా!" అన్నాను మైకులో. "కథ మధ్యలో లేవకూడదని మొదటి రోజే చెప్పినాను కదా?"

"గాలి వస్తాండాది సామీ. కల్లం కప్పి వస్తా, దబ్బున వస్తా" అంది.

"నీ మిరపకాయలు యాడికీ పోవు. రాజుగారి బావమరిది ఇప్పుడే సస్తాడు, వాడు సచ్చేదాకా ఓర్చుకో. వాడికే లేని తొందర నీకేందమ్మా?"

పందిరంతా గొల్లుమంది. హులిగెమ్మ కూడా నవ్వబోయింది, ముఖం ఎర్రబడింది.

"గాలి వస్తాది, పోతాది. కథ మధ్యలో లేచిన పాపం మాత్రం పోదు. కూర్చో" అన్నాను.

కూర్చుంది. సగం లేచినవాళ్ళూ కూర్చున్నారు. నేను ఉత్సాహంగా కొనసాగించాను. పది నిమిషాల్లో ముగించాల్సిన ఘట్టాన్ని అరగంట చేశాను, జనం నవ్వుతున్నారు కదా అని. బావమరిదిని ముద్దలు ముద్దలుగా చేసి హారతి పళ్ళెం ఎత్తేసరికి షామియానా మీద చినుకులు టపటపమన్నాయి. ఆ చప్పుడుకి జనం చెప్పులు కూడా వదిలేసి పరిగెత్తారు. పెద్ద రైతుల కల్లాల దగ్గర కాపలా మనుషులున్నారు, అప్పటికే పట్టలు కప్పేశారు. హులిగెమ్మ కల్లానికి హులిగెమ్మ తప్ప ఎవరూ లేరు. ఊరి అవతలి చివర ఉన్న ఆ కల్లానికి ఆమె చేరేసరికి కుప్ప కింద నీళ్ళు పారుతున్నాయట.

ప్రారబ్ధం

మర్నాడు పొద్దున చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ బురదలో హులిగెమ్మ కల్లానికి వెళ్ళాను. నిన్నటి ఎరుపు లేదు. ఆమె ఒక్కతే కూర్చుని, చెడినవి ఒకవైపు, బాగున్నవి ఒకవైపు ఏరుతోంది. చెడిన కుప్పే పెద్దది. తడిసిన కాయ తెల్లబడి తాలు అవుతుంది, బూజు పడుతుంది, తాలును అడిగేవాడు ఉండడు. నాలుగైదు కాయలు వంచి చూసి, అవి కూడా చెడిన కుప్పలో వేసింది.

నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. తెలియనప్పుడు నోరు మూసుకోవాలి. నేను మూసుకోలేదు. నా వృత్తి మాట్లాడటం కదా!

"ప్రారబ్ధం అమ్మా. పూర్వజన్మలో ఏం చేసినామో, అది అనుభవించక తప్పదు" అన్నాను.

హులిగెమ్మ చెయ్యి ఆపలేదు. తల కూడా ఎత్తలేదు.

"పూర్వజన్మ యాలకు సామీ? నిన్న సాయంత్రం సంగతే కదా. నేను లేస్తిని. నువ్వు కూర్చోమంటివి. నేను కూర్చుంటిని."

ఇంకో కాయ తీసి చెడిన కుప్పలో వేసింది.

"నీ కథకు వాన వచ్చెనని ఊరంతా అంటాండ్రు. అది కాదులే. ఆ వాన ఎట్లైనా వచ్చేదే. పట్ట కప్పుకునేకి టైము ఉండె, అంతే" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం సులువయ్యేది. "నువ్వు పోప్పా, ఎండకు నిలబడొద్దు."

కర్మ సిద్ధాంతం మీద ఎన్ని ఊళ్ళలో ఎన్ని గంటలు మాట్లాడానో నాకే లెక్క తెలియదు. చేసిన పనికీ దాని ఫలితానికీ ఉన్న సంబంధం గురించి ఎవరూ నాకు అంత సూటిగా చెప్పలేదు. తప్పు నాదే తల్లీ అని అక్కడే అనాలి. అనలేదు. వచ్చేశాను. ఆ సాయంత్రం ఐదో రోజు కథ చెప్పాను కూడా. రెండో వరసలో ఆమె లేదు.

తర్వాత జరిగింది వినండి, మీకు నవ్వొస్తుంది. నాకు ఇప్పటికీ తల కొట్టుకోవాలనిపిస్తుంది. ఆ ఊరివాళ్ళు నన్ను తిట్టలేదు. నన్ను చూసి భయపడ్డారు! మాఘమాసంలో, మబ్బు లేని ఆకాశం నుంచి వాన దింపిన సామి అని జిల్లా అంతా పాకింది. గాదిలింగప్ప నా కాళ్ళకు మొక్కి, "వద్దని నేనంటిని, అయినా నీ నోటికి అడ్డముండాదా!" అన్నాడు. క్యాంపులవాళ్ళు ఫోన్ చేసి, "శాస్త్రి గారూ, మా కోతలు అయ్యేదాకా తమరు ఆ ఒక్క కథా ఎత్తకండి, మీకు పుణ్యం ఉంటుందండీ" అన్నారు. కార్యదర్శి గారి ఆనందం చెప్పలేను. మెట్ట ఊళ్ళ నుంచి పిలుపులే పిలుపులు. నా తప్పు నాకు పేరు తెచ్చింది. వాన నా కథకు వచ్చిందని నమ్మినంతకాలం, నేను ఒక మనిషిని కూర్చోబెట్టానన్న సంగతి ఎవరికీ గుర్తు రాదు. నాకు ఆ ఏర్పాటు బాగానే ఉంది. ఎందుకు నోరు విప్పలేదంటే, ఇష్టపడ్డాను కాబట్టి. ఇంతకంటే పెద్ద కారణం వెతికినా దొరకలేదు.

మరుసటి ఏడు గాదిలింగప్ప బళ్ళారి బజారులో కనిపిస్తే హులిగెమ్మ గురించి అడిగాను. "గుత్త పాయె సామీ. మళ్ళా కూలికే పోతాండాది" అన్నాడు. ఆ తర్వాత ఆ ఊరి పేరు నా జాబితాలో వచ్చినప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్పి వేరేవాళ్ళను పంపించాను. ఐదేళ్ళు అలా నడిపాను.

చివరి శ్రావణం

రిటైరయ్యే ఏడు శ్రావణంలో చినుకు లేదు. కాలువకు నీళ్ళు వదిలారు కాబట్టి క్యాంపుల్లో నాట్లు పడుతున్నాయి, మెట్ట చేలు మాత్రం ఎండిపోతున్నాయి. గాదిలింగప్ప ఫోన్ చేశాడు.

"సామీ, వద్దన్నప్పుడు తెప్పిస్తివి. ఇప్పుడు అడుగుతాండాం. రాకుంటే ఎట్ల? ఒక్క దినం వచ్చి వానకథ చెప్పిపో."

ఈసారి సాకు చెప్పలేదు. వెళ్ళాను. కథ ఎత్తుకోకముందే మైకు దగ్గరికి లాక్కున్నాను. మూడుసార్లు గొంతు సవరించుకుని చెప్పాను. వాన నా కథకు రాదు, ఎప్పుడూ రాలేదు. ఆరేళ్ళ కిందట ఈ ఊళ్ళో కురిసిన వాన కూడా నాది కాదు. ఆ రోజు గాలి చూసి ఒక ఆడమనిషి లేచింది. లేవనివ్వకుండా వెక్కిరించి కూర్చోబెట్టింది నేను. ఆమె పంట పోయింది నా మాట వల్ల. కథ మధ్యలో లేస్తే పాపమని ఏ శాస్త్రంలోనూ లేదు, నేనే చెప్పుకున్నాను. ఇన్నాళ్ళూ మీ శాలువాలు కప్పుకుని నోరు మూసుకున్నాను. ఇదంతా ఒక్క ముక్క మింగకుండా చెప్పాను.

పందిరంతా చప్పట్లు!

గాదిలింగప్ప లేచి నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. కళ్ళలో నీళ్ళు. "చూడండప్పా! పెద్దోళ్ళు తమ గొప్ప తాము చెప్పుకోరు. ఇంత చేసి కూడా నాది కాదంటాండాడు. ఇదీ వినయమంటే!"

మళ్ళీ చప్పట్లు. ఏం చెప్పను నాయనా! ముప్పై ఒక్క ఏళ్ళకు ఒక్కసారి నిజం చెబితే దాన్నీ నా గొప్పతనంలో కలిపేశారు. ఇంకోసారి చెబుదామని మైకు అడిగాను. "చాల్లే సామీ, మాకు అర్థమాయె, కథ ఎత్తుకో" అన్నాడు. ఇలాంటి జనం ముందు తప్పు ఒప్పుకోవడం కూడా ఎంత కష్టమో మీకు ముందే తెలియాలి. తప్పు చేసిన రోజే, చేసిన చోటే, ఎదురుగా ఉన్న మనిషితో చెప్పేయండి. ఆలస్యమైతే అది ఉపన్యాసం అయిపోతుంది.

హులిగెమ్మ వచ్చింది. ఈసారి రెండో వరసలో కాదు, వెనక, గుంజ పక్కన. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె కొట్టలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని నా వైపే చూస్తోంది. ఆ ఒక్క మనిషికి మాత్రం నేను చెప్పింది చెప్పినట్టు వినపడిందని నాకు తెలుసు.

కథ మొదలుపెట్టాను. రాజుగారి బావమరిది గదిలోకి వచ్చే ఘట్టం దగ్గరికి వచ్చేసరికి ఆమె లేచింది. గాలి లేదు, మబ్బు లేదు. వంగి, ఎవరికీ అడ్డం రాకుండా నడవబోతుంటే గాదిలింగప్ప చూశాడు.

"ఏమమ్మా, మధ్యలో లేస్తాండావే! కూర్చో, కూర్చో!"

హులిగెమ్మ అలాగే సగం వంగి ఆగిపోయింది. అతని వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"కథ బాగుండాది సామీ. నాట్లకు పోవల్ల, ట్రాక్టర్ తెల్లారి నాలుగుకే వస్తాది. జరంత పండుకోవల్ల. మధ్యలో లేస్తాండా, ఏమనుకోవద్దు."

ఆమె ఇంకొకరి చేన్లోకి నాట్లకు పోతోంది. అందుకు నన్ను అనుమతి అడుగుతోంది.

"పోయిరా అమ్మా" అన్నాను.

ఆమె వెళ్ళింది. నేను కథ పూర్తిచేశాను. ఆ వారం వాన పడలేదు. అయినా శాలువా కప్పారు.

ముప్పై ఒక్క ఏళ్ళలో మైకులో నేను అన్న మాటల్లో హులిగెమ్మకు పనికొచ్చేది ఆ ఒక్కటే. అది ఆరేళ్ళ కిందట, గాలి లేచినప్పుడు అనాల్సింది.